కొవ్వు మోసే బండ్లు – మన గుండె

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో లెక్కలు చదువుకుంటాము. చందాలు ఎంత వచ్చాయి, ఎంతమంది పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇచ్చాము, ఎంతమంది వితంతువులకు నెలనెలా సహాయం అందుతున్నది, ఇవన్నీ కార్యదర్శిగారు ఇప్పుడే చదివారు. ఈసారి ఆరోగ్య ఉపసంఘాన్ని కూడా నాలుగు మాటలు చెప్పమన్నారు. రక్తంలోని కొవ్వు గురించి మాట్లాడాలని మేము నిర్ణయించుకున్నాము. "దాంట్లో చెప్పేదేముంది, నెయ్యి మానెయ్యండి అంటారు, అంతేగా" అని వెనుక వరుసలో ఎవరో ఒకరు అనుకుంటూనే ఉంటారు. అంతే అయితే మీ భోజనాల వేళ ఆలస్యం చేసేవాళ్ళము కాము.

ముందుగా ఒక కాగితం సంగతి మనవి చేస్తాము. వితంతు సహాయం కోసం ఒక సోదరి మనకు దరఖాస్తు పెట్టుకున్నది. రేషన్ కార్డు నకలు, మరణ ధ్రువీకరణ పత్రం, పిల్లల బడి సర్టిఫికెట్లు జతపరచింది. వాటి మధ్య నాలుగు మడతలు పడ్డ కాగితం ఒకటి ఉన్నది. తెరిచి చూస్తే అది మన సంఘమే పెట్టిన రక్తపరీక్షల శిబిరంలో ఆమె భర్తకు ఇచ్చిన రిపోర్టు. "మిషను సొరుగులో ఉంది భాయ్, పనికొస్తుందేమోనని తెచ్చాను" అన్నది.

ఆయన దర్జీ. వయస్సు 46. సన్నని మనిషి, కొంచెం పొట్ట, అంతే. ఆ కాగితంలో పరగడుపు షుగర్ 118, మొత్తం కొలెస్ట్రాల్ 211, ట్రైగ్లిసరైడ్లు 310, హెచ్.డి.ఎల్. 31, ఎల్.డి.ఎల్. 118 అని ఉన్నాయి. ఆ రోజు ఆయన బల్ల దగ్గరకు వచ్చి అడిగితే మావాళ్ళు "షుగర్ లేదు, బార్డర్‌లో ఉంది. కొలెస్ట్రాల్ కొంచెం ఎక్కువ, ఫరవాలేదు" అన్నారు. ఆయన నవ్వి "నాకేం కొవ్వు భాయ్, బక్కవాణ్ణి" అని వెళ్ళిపోయాడు. మేము ఫోటోలు దిగాము. రెండేళ్ళ తర్వాత ఒక రాత్రి ఛాతీలో నొప్పి వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నాడు. ఫజర్‌కు లేవలేదు.

హయాత్, మౌత్ అల్లాహ్ చేతిలోనివి. తెలిసి ఉంటే తప్పకుండా బతికేవాడని మేము అనబోము. కాని కాగితం తన పని తాను చేసింది. చదివి చెప్పవలసిన మేము చెప్పలేదు. అందుకని ఆ సోదరి అనుమతితో, పేరు లేకుండా, ఆ కాగితాన్ని ఈ రోజు మీ అందరితో కలిసి చదవదలిచాము.

కాగితం చదవాలంటే ముందు ఒక చిన్న సంగతి తెలియాలి. నూనె నీటిలో కలవదు. సాలన్ గిన్నెలో నూనె పైన తేలడం రోజూ చూస్తున్నాము. రక్తం చాలావరకు నీరే. మరి కొవ్వు రక్తంలో ఎలా ప్రయాణం చేస్తుంది? విడిగా చేయలేదు. అందుకు శరీరం చిన్న చిన్న బండ్లు కట్టుకుంటుంది. బండి లోపల కొవ్వు, కొలెస్ట్రాల్ ఉంటాయి; పైన మాంసకృత్తులతో కూడిన పలుచని కవచం ఉంటుంది. ఈ బండ్లనే లైపోప్రొటీన్లు అంటారు. వీటిని వేగంగా తిరిగే యంత్రంలో వేసి రకరకాలుగా విడదీసి, వాటికీ గుండె జబ్బుకూ ఉన్న సంబంధాన్ని 1950 ప్రాంతంలో అమెరికాలోని బర్క్‌లీలో జాన్ గాఫ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు వెల్లడించాడు.

బండ్లలో ముఖ్యంగా నాలుగు రకాలున్నాయి. మొదటిది కైలోమైక్రాన్. దావత్‌లో మనం తిన్న కొవ్వును ప్రేవుల నుంచి రక్తంలోకి మోసుకొచ్చేది ఇదే. రెండవది వి.ఎల్.డి.ఎల్. ఇది కాలేయంలో తయారవుతుంది. ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. కాలేయం ఈ బండిలో ఎక్కించేది మనం తిన్న నెయ్యి మాత్రమే కాదు. అవసరానికి మించి తిన్న అన్నం, చక్కెర, మైదా కూడా కాలేయంలో కొవ్వుగా మారి ఈ బండి ఎక్కుతాయి. ఈ బండ్లలో మోసే సరుకు పేరే ట్రైగ్లిసరైడ్లు. అందువల్ల నెయ్యి ముట్టని మనిషికి కూడా ట్రైగ్లిసరైడ్లు 310 రావచ్చు.

ఈ బండ్లు కండరాల దగ్గర, కొవ్వు నిలవ ఉండే చోట్ల ఆగి సరుకు దించుతాయి. దించడానికి రక్తనాళాల గోడల మీద ఒక ఎంజైము కూలివాడిలా పని చేస్తుంది. నడిచే మనిషి కండరాల్లో ఈ కూలివాడు చురుకుగా ఉంటాడు. రోజంతా మిషను ముందో, దుకాణం గల్లా ముందో కూర్చున్న మనిషిలో బద్ధకిస్తాడు.

సరుకు చాలావరకు దించేసిన వి.ఎల్.డి.ఎల్. బండ్లలో కొన్ని చిన్నవై, కొలెస్ట్రాల్ ఎక్కువ భాగంగా మిగిలి, మూడవ రకం అవుతాయి. అదే ఎల్.డి.ఎల్. ఇవి రక్తంలో రోజుల తరబడి తిరుగుతాయి. వీటిని వెనక్కి తీసుకునేందుకు కాలేయం మీద తలుపులు ఉంటాయి. ఆ తలుపులను కనిపెట్టిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. పుట్టుకతోనే ఈ తలుపులు లేని పిల్లలకు చిన్నతనంలోనే గుండెపోటు వస్తుంది. అలాంటి కుటుంబాలను పరిశీలించే వారు ఈ రహస్యం తెలుసుకున్నారు. తలుపులు తక్కువైనా, బండ్లు ఎక్కువైనా ఫలితం ఒకటే. బండ్లు రక్తనాళాల గోడల్లోకి దూరి అక్కడ ఇరుక్కుంటాయి. అక్కడ వాపు పుడుతుంది, పూత కడుతుంది. ఏదో ఒక రోజు ఆ పూత చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుంటుంది. గుండెలో మూసుకుంటే గుండెపోటు, మెదడులో మూసుకుంటే పక్షవాతం.

నాల్గవది హెచ్.డి.ఎల్. మిగిలిపోయిన కొలెస్ట్రాల్‌ను తిరిగి కాలేయానికి చేర్చడంలో దీనికి పాత్ర ఉన్నది. అందుకే మంచి కొలెస్ట్రాల్ అని పేరు వచ్చింది. అయితే దీన్ని మందులతో పెంచిచూస్తే గుండెపోట్లు ఆశించినట్లు తగ్గలేదు. కాబట్టి హెచ్.డి.ఎల్. తక్కువగా ఉండడాన్ని ఒక హెచ్చరికగా చూడాలే గాని, దాన్ని పెంచే గోలీ కోసం వెతకనక్కరలేదు.

ఇప్పుడు మన కాగితానికి వద్దాము. ఎల్.డి.ఎల్. 118 అంటే మరీ భయపడేదిగా కనపడదు. మావాళ్ళు మోసపోయింది అక్కడే. ఎల్.డి.ఎల్. అంకె బండ్లలో ఉన్న కొలెస్ట్రాల్ ఎంతో చెబుతుంది. బండ్లు ఎన్ని ఉన్నాయో చెప్పదు. గోడలోకి దూరేది బండి. ట్రైగ్లిసరైడ్లు ఎక్కువై, హెచ్.డి.ఎల్. తక్కువైన మనిషిలో ఎల్.డి.ఎల్. బండ్లు చిన్నవిగా, చిక్కగా, సంఖ్యలో ఎక్కువగా ఉంటాయి. ఒక్కొక్కటి మోసే కొలెస్ట్రాల్ తక్కువ గనుక మొత్తం అంకె మామూలుగా కనిపిస్తుంది. ప్రమాదం కలిగించే ప్రతి బండి మీదా ఎపో-బి అనే మాంసకృత్తి సరిగ్గా ఒక్కటే ఉంటుంది, లారీకి నంబరు ప్లేటులాగా. ఎపో-బి పరీక్ష చేయిస్తే బండ్ల లెక్క తెలుస్తుంది.

ఆ పరీక్ష అన్ని చోట్లా చేయరు, ఖర్చు కూడా. దానికి దగ్గర దారి ఒకటున్నది, పైసా ఖర్చు లేదు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్.డి.ఎల్. తీసివేయండి. మన కాగితంలో 211లోంచి 31 తీసివేస్తే 180. దీన్ని నాన్-హెచ్.డి.ఎల్. అంటారు. ఇది సాధారణంగా 130 లోపు ఉండాలి. షుగర్, గుండె జబ్బు ఉన్నవారికి ఇంకా తక్కువ ఉండాలి. ట్రైగ్లిసరైడ్లు 150 లోపు ఉండాలి, ఆయనకు 310. హెచ్.డి.ఎల్. పురుషులకు 40కి, స్త్రీలకు 50కి తగ్గకూడదు, ఆయనకు 31. పరగడుపు షుగర్ 100 లోపు ఉండాలి, 126 దాటితే మళ్ళీ పరీక్ష చేసి జబ్బు అని నిర్ధారిస్తారు, ఆయనకు 118. ఒక్కొక్కటి విడిగా చూస్తే "కొంచెం ఎక్కువ". నాలుగూ కలిపి చూస్తే అది గట్టి హెచ్చరిక.

ఈ నాలుగూ ఒక్క మనిషిలోనే ఎందుకు కలిశాయి? వాటి వేరు ఒకటే గనుక. క్లోమగ్రంథి నుంచి వచ్చే ఇన్సులిన్ చక్కెరకు మాత్రమే సంబంధించినదని చాలామంది అనుకుంటారు. కొవ్వు గిడ్డంగికి కాపలాదారు కూడా అదే. తిన్న తర్వాత గిడ్డంగి తలుపు మూసి, కొవ్వు బయటకు పోకుండా చూస్తుంది. పొట్ట పెరిగి, కాలేయంలో కొవ్వు చేరి, శరీరం ఇన్సులిన్ మాట వినడం మానేస్తే తలుపు ఓరగా తెరుచుకుంటుంది. కొవ్వు కారి కాలేయానికి చేరుతుంది. కాలేయం ఆ కొవ్వును వి.ఎల్.డి.ఎల్. బండ్లకు ఎక్కించి పంపుతుంది. ట్రైగ్లిసరైడ్లు పెరుగుతాయి, హెచ్.డి.ఎల్. పడిపోతుంది, ఎల్.డి.ఎల్. చిన్నబండ్లు అవుతాయి. అదే కాలేయం చక్కెరను కూడా అదుపు లేకుండా వదులుతుంది. పొట్ట, షుగర్, గుండె అని మనం మూడు పేర్లు పెట్టుకున్నాము గాని లోపల జరుగుతున్న గొడవ చాలావరకు ఒకటే.

"మరి ఆయన బక్కవాడు కదా" అంటారు. ఇది మన ప్రాంతపు మనుషులకు ప్రత్యేకంగా తెలియవలసిన విషయం. పూణేకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ ఇద్దరూ మిత్రులు. 2004లో వాళ్ళు తమ ఇద్దరి ఫోటోనే లాన్సెట్ పత్రికలో వేయించుకున్నారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్క ఇద్దరికీ ఒకటే, 22.3. కాని శరీరంలో కొవ్వు యుడ్కిన్‌గారికి నూటికి 9.1 పాళ్ళు, యాజ్ఞిక్‌గారికి 21.2 పాళ్ళు. చూపుకు ఇద్దరూ సన్నమే. మనవాళ్ళలో చర్మం కింద సురక్షితంగా నిలవ చేసే గిడ్డంగి చిన్నదనీ, అది త్వరగా నిండి మిగిలినది పొట్టలోకి, కాలేయంలోకి చేరుతుందనీ శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. అందుకే మనకు తూకం చాలదు, టేపు కావాలి. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. రోజూ పది మందికి నడుము కొలిచిన మనిషి తన నడుము కొలుచుకోలేదన్న మాట తలచుకుంటే ఇప్పటికీ మాకు మనసు కలుక్కుమంటుంది.

కేరళలో పుట్టిన డాక్టర్ సలీం యూసుఫ్ నాయకత్వంలో 52 దేశాల్లో గుండెపోటు రోగులను పరిశీలించి 2004లో ఫలితాలు ప్రకటించారు. బండ్ల లెక్క చెప్పే ఎపో-బి నిష్పత్తి, పొగతాగడం, ఈ రెండూ అన్నిటికన్నా బలమైన కారణాలుగా తేలాయి. అదే పరిశోధనలో దక్షిణ ఆసియావారికి మొదటి గుండెపోటు సగటున 53వ ఏట, ఇతర దేశాలవారికి దాదాపు 59వ ఏట వస్తున్నదని 2007లో వెల్లడైంది. ఆరేళ్ళు! ఆడపిల్ల పెళ్ళి, మగపిల్లవాడి చదువు పూర్తయ్యేది ఆ ఆరేళ్ళలోనే. మన వితంతు సహాయ పుస్తకంలోని పేర్ల వెనుక ఉన్నది ఆ ఆరేళ్ళే.

ఇక ఏం చేయాలి? బిర్యానీ మానేయమని మేము అనము. అన్నా మీరు వినరు! దావత్ ఏడాదికి ఎన్నిసార్లు? రోజూ మూడు పూటలా పళ్ళెంలో ఏమున్నదన్నదే అసలు ప్రశ్న. అన్నం ఒక గరిటె తగ్గించి, పప్పు, ఆకుకూర, కూరగాయ ఒక గరిటె పెంచండి. మాంసం మీది కొవ్వు కోసి తీసేయించండి. వనస్పతిలో ఉండే ట్రాన్స్ కొవ్వు ఎల్.డి.ఎల్.ను పెంచి హెచ్.డి.ఎల్.ను తగ్గిస్తుంది. 2022 జనవరి నుంచి నూనెల్లో, వనస్పతిలో ఇది నూటికి 2 పాళ్ళు మించరాదని ప్రభుత్వ నియమం ఉన్నది. అయినా కాగిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాచి వేయించే పద్ధతి పోలేదు. ఇక చాయ్. కప్పుకు రెండు చెంచాల చక్కెర అంటే సుమారు 10 గ్రాములు. రోజుకు ఆరు కప్పులంటే 60 గ్రాములు, 240 కేలరీలు. ఆ దర్జీ సోదరుడి దుకాణానికి ఎదురుగానే చాయ్ హోటలు. లెక్క మీరే వేసుకోండి. కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మిగిలినది ఊపిరికి వదలమన్న ప్రవక్త (స) వారి బోధ మనందరికీ తెలిసినదే. తెలిసినదాన్ని దస్తర్‌ఖాన్ దగ్గర గుర్తు పెట్టుకోవడమే మిగిలింది.

ఇవి చిన్న పనులు, వీటితో ఏమవుతుంది అనకండి. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రకటించిన పరిశోధన చూడండి. షుగర్ అంచున ఉన్నవారిని మూడేళ్ళు గమనించారు. మామూలుగా వదిలేసినవారిలో నూటికి 55 మందికి షుగర్ వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవారిలో 39 మందికే వచ్చింది. మన దర్జీ సోదరుడు సరిగ్గా ఆ అంచునే ఉన్నాడు.

మందుల సంగతి. "గోలీ మొదలుపెడితే అలవాటైపోతుంది" అని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. స్టాటిన్ గోలీలు కాలేయం తలుపులను పెంచి ఎల్.డి.ఎల్. బండ్లను లోపలికి లాగుతాయి. అప్పటికే గుండె జబ్బు ఉన్న 4444 మంది మీద స్కాండినేవియా దేశాల్లో చేసిన పరీక్ష 1994లో వెలువడింది. అయిదేళ్ళు దాటిన కాలంలో ఉత్తుత్తి గోలీ తిన్నవారిలో 256 మంది, స్టాటిన్ తిన్నవారిలో 182 మంది మరణించారు. కొందరికి కండరాల నొప్పుల వంటివి రావచ్చు. వస్తే డాక్టరుగారికి చెప్పి మార్పించుకోవాలి, సొంతంగా మానేయకూడదు. రిపోర్టు బాగున్నదని మానేస్తారు కొందరు. గోలీ వల్లనే కదా అది బాగున్నది!

రంజాన్ విషయం కూడా ఒక మాట. షుగర్‌కు మందులు, ఇన్సులిన్ వాడేవారు ఉపవాసాలకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరుగారిని కలిసి మోతాదులు మార్పించుకోవాలి. వేలి నుంచి చుక్క రక్తం తీసి పరీక్ష చేసుకుంటే రోజా భంగం కాదని అత్యధిక ఉలమాల అభిప్రాయం. షుగర్ 70కి తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలి. రోగికి మినహాయింపు ఖుర్ఆన్‌లోనే సూరె బఖరలో ఉన్నది. అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యాన్ని కాదనడం భక్తి అనుకోవద్దు.

పరదా అవతల ఉన్న తల్లులకు ప్రత్యేకంగా మనవి. మన శిబిరాలకు మగవారు వస్తారు, మీరు రారు. కాన్పు సమయంలో షుగర్ వచ్చి తగ్గినవారికి తర్వాత మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. ముట్లు ఆగిన తర్వాత స్త్రీలలో ఎల్.డి.ఎల్. పెరుగుతుంది. అందరికీ వడ్డించి, మిగిలిన అన్నంలో అడుగు నూనె కలుపుకుని తిని, "నాకేం జబ్బు" అనుకునే అమ్మీలు మన ప్రతి ఇంట్లో ఉన్నారు. మీ గుండె కూడా గుండెయే.

అందరూ గుర్తుంచుకోవలసింది ఇంకొకటి. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, ఆయాసం వస్తే గ్యాస్ అని సోడా తాగి పడుకోవద్దు. షుగర్ ఉన్నవారికి నొప్పి అంతగా తెలియకుండానే గుండెపోటు రావచ్చు. వెంటనే 108కు ఫోన్ చేయండి. ఉట్టి గ్యాసే అయితే నవ్వుకుంటూ ఇంటికి రావచ్చు.

చివరిగా, మా ఉపసంఘం ఈ సభ ముందు మూడు ప్రతిపాదనలు ఉంచుతున్నది. ఒకటి: ఇకమీదట శిబిరంలో ఎవరికీ రిపోర్టు ఊరికే చేతికివ్వము. డాక్టరుగారో, శిక్షణ పొందిన మనవాళ్ళో కూర్చోబెట్టి చదివి చెప్పాలి, నాన్-హెచ్.డి.ఎల్. లెక్క కట్టి రాయాలి, నడుము కొలవాలి. మూడు నెలల తర్వాత ఇంటికి వెళ్ళి అడగాలి. రెండు: షాదీఖానా ఆవరణను తెల్లవారి ఒక గంట స్త్రీల నడకకు మాత్రమే కేటాయించాలి. రోడ్డు మీద నడవడానికి మొహమాటపడే మన ఆడవాళ్ళకు వేరే చోటు ఎక్కడున్నది? మగవారు మాత్రం మసీదుకు మోటారు సైకిలు మానేసి నడిచి వస్తే చాలు, అయిదు పూటలా వ్యాయామమే. మూడు: వితంతు సహాయం పొందుతున్న ప్రతి కుటుంబంలో తల్లికి, పెద్ద పిల్లలకు పరీక్షలు సంఘం ఖర్చు మీద చేయించాలి. కొవ్వు బండ్ల తీరు కొంతవరకు వంశంలో వస్తుంది. తండ్రి చిన్న వయస్సులో పోయిన ఇంట్లో పిల్లలను ముందుగా చూడాలి.

ఆ దర్జీ సోదరుడి పెద్ద కొడుకు ఇప్పుడు అదే మిషను మీద కూర్చుంటున్నాడు. వయస్సు 20. అతనూ సన్నగానే ఉన్నాడు. వచ్చే ఆదివారం అతని రక్తం తీసే ఏర్పాటు చేశాము. ఈసారి కాగితం సొరుగులోకి వెళ్ళదు. మేమే చదివి వినిపిస్తాము.

వితంతువులకు సహాయం చేయడం పుణ్యం. ఆ పుస్తకంలో కొత్త పేరు చేరకుండా చూడడం అంతకన్నా పెద్ద పుణ్యమని మేము నమ్ముతున్నాము. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని, దాన్ని కాపాడుకునే బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.